కెప్టెన్ జయదేవ్‌ను బతికించిన ట్రంపెట్

"పదమూడో పటాలం" సీరియల్‌లో మంచుకొండ మీద చచ్చిపోయిన కెప్టెన్ జయదేవ్‌ను బతికించింది డాక్టర్లు కాదు, ఆ కథ రాసినవాళ్లు అసలే కాదు. నంద్యాల నూనెపల్లెలో ఉండే బ్యాండు నూర్ మహమ్మద్, ఆళ్లగడ్డ బజారులో పట్టపగలు నిలబడి, ఒక్క ట్రంపెట్ ఊది లేపాడు. ఆ పొద్దు ఆయన ఊదకపోయుంటే కెప్టెన్ ఇంకా పెట్టెలోనే ఉండేవాడు, దేశానికి సరిహద్దే మిగిలేది కాదు, మన కుందూ నదికి అవతలి గట్టున వేరే జెండా ఎగిరేది.

ఇది రాసింది ఆయన మనవరాలు సబా. లెక్కల పుస్తకానికీ ఆమెకూ మాటలు లేక ఇంటర్ మధ్యలోనే చదువు ఆగింది. కాబట్టి కొలతల్లో కాస్త హెచ్చుతగ్గులుంటే చదివేవాళ్లే సర్దుకోవాలి. ట్రంపెట్ మాత్రం నిజం. ఆళ్లగడ్డ నిజం. ఆ బజారులో అంతమంది ఒకేసారి ముక్కు చీదడం కూడా నిజం.

నూర్ మహమ్మద్ నాయన దూదేకి పరుపులు కుట్టేవాడు. ఇంటినిండా దూదే కాబట్టి పిల్లవాడు మెత్తగా పెరగాల్సింది. కానీ ఒక పండగ నాడు గాంధీ చౌక్‌లో బ్యాండు మేళం వెంట పడి, ఊరంతా తిరిగి, ఒక చెప్పు పోగొట్టుకొని ఇల్లు చేరాడు. "చెప్పు పోతే పోయింది నాయనా, నేను బూర నేర్చుకుంటా" అన్నాడు. మిగిలిన రెండో చెప్పు అప్పుడు నాయనకు పనికొచ్చింది. అయినా పిల్లవాడు మారలేదు. మర్నాడు ఒట్టి కాళ్లతోనే వెళ్లి బ్యాండు ఉస్తాదు అక్బర్ సాయిబు ముందు నిలబడ్డాడు.

అక్బర్ సాయిబు నేర్పే తీరు వేరు. ఆ రోజుల్లో పెళ్లిళ్లలో కొత్త సినిమా పాట వాయించకపోతే జనం ఒప్పుకునేవాళ్లు కాదు. అందరికీ టిక్కెట్లు కొనే స్తోమత బ్యాండుకు లేదు. అందుకని ఉస్తాదు శిష్యులందరినీ టాకీసు వెనక గోడకు తీసుకెళ్లి, చెవులు గోడకు ఆనించి నిలబెట్టేవాడు. లోపల హీరో ఎగురుతుంటాడు, జనం ఈలలు వేస్తుంటారు, బయట ఈ చెవులు ఒక్కో స్వరాన్నీ ఏరుకుంటుంటాయి. కుర్రవాళ్లు ఎప్పుడైనా, "ఉస్తాద్, ఒక్కసారి లోపలికి పోయి చూసొస్తాం" అని బతిమాలితే ఆయనది ఒకటే మాట.

"చూసినోనికి హీరోయిన్ గుర్తుంటాది, రాగం గుర్తుండదు. కండ్లు మూసుకోండ్రా. చెవులు వాటంతటవే తెరుచుకుంటాయి."

ఆ మాట నూర్ మహమ్మద్ ఎముకల్లోకి దిగిపోయింది. ఆయనకు రాని సినిమా పాట లేదు, చూసిన సినిమాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పటికీ ట్రంపెట్ నోటికి తగలగానే కళ్లు మూతలు పడతాయి. ఆయన కుడి చెవి ఎడమ చెవి కంటే కొంచెం చదునుగా ఉంటుంది. టాకీసు గోడ నొక్కి నొక్కి అట్లా అయిందని సబా అంటుంది. చిన్నప్పుడు నాయన కొట్టిన దెబ్బ అని ఆయన అంటాడు. రెండిటిలో ఏది నిజమైనా ఆ చెవి సంగీతానికే బలి అయిందనుకోవాలి.

గోడ చదువులో ఒక సుఖం ఉంది. పాటలో మాటలుంటాయి కాబట్టి ఏది పెళ్లికి, ఏది చావుకు, ఏది ఎన్నికల ఊరేగింపుకు అన్నది చూడకపోయినా తెలిసిపోతుంది. మహానంది తిరునాళ్లకైనా, దర్గా గంధానికైనా, చర్చి ఊరేగింపుకైనా ఆయన పాట ఎప్పుడూ తప్పలేదు. మాటల్లేని సంగీతం జోలికి ఆయన ఎన్నడూ పోలేదు. పోయిన ఆ ఒక్కసారి సంగతే ఇది.

అంతకంటే ముందు ఆయన పెళ్లి సంగతి ఒకటి చెప్పాలి. పెళ్లికూతురు మాబున్నీది గడివేముల. ఊరేగింపు మొదలయ్యే వేళకు ఉస్తాదుకు జ్వరం తగిలి ట్రంపెట్ పట్టేవాళ్లు లేకుండా పోయారు. పెళ్లికొడుకు గుర్రం మీద నుంచి దిగి, ముఖాన ఉన్న పూల సెహరా పక్కకు తోసి, తన పెళ్లికి తానే ఊదుకుంటూ నడిచాడు. మాబున్నీ తలుపు సందులో నుంచి మొగుణ్ని మొదటిసారి చూసింది అప్పుడే. "ఆ ఉబ్బిన బుగ్గలు చూసి, ఈ మనిషికి పంటి నొప్పేమో, పాపం, అనుకున్యా" అని ఇప్పటికీ చెప్తుంది. పెళ్లయిన వారానికే ఆమె ఒక చట్టం చేసింది. ట్రంపెట్ గడప దాటి లోపలికి రావచ్చు గానీ లోపల మోగకూడదు. "నువ్వు ఊదితే నా రోట్లో పచ్చడి అదురుతాంది" అనేది. అప్పటి నుంచి ఆయన సాధనంతా కుందూ గట్టు మీదే. అక్కడి బర్రెలకు ఆయన పాటలన్నీ వచ్చు.

రోజులు అట్లా సాగితే బాగానే ఉండేది. డీజే బండ్లు వచ్చాయి. ఇంటి అద్దాలు అదిరిపోయే చప్పుడు, రంగు రంగుల లైట్లు, వెనక ఎగిరే కుర్రాళ్లు. బ్యాండుకు పిలుపులు తగ్గిపోయాయి. ఎర్ర కోట్లు ట్రంకు పెట్టెలో నాఫ్తలీను ఉండల వాసన పట్టాయి. ఆయన కొడుకు రఫీక్, అంటే సబా వాళ్ల నాయన, సైడ్ డ్రమ్ము వాయిస్తాడు. చేతులు చాలా వేగం, నోరు అంతకంటే వేగం. ఒక రోజు కర్నూలు నుంచి వచ్చి వార్త చెప్పాడు.

"నాయనా, ఆడ ఒకాయన పాత బూరలు, డ్రమ్ములు కొంటాండాడు. పెద్ద హోటళ్లలో గోడలకు తగిలిస్తారంట."

"గోడకా?"

"గోడకే. నీకూ గోడలకూ ముందు నుంచీ పడతాది కదా."

నూర్ మహమ్మద్ ట్రంపెట్ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆయన అట్లా చేస్తే నొచ్చుకున్నట్టు.

సరిగ్గా అప్పుడే ఆళ్లగడ్డ నుంచి సుందరరాజు వచ్చాడు. రిటైరైన మాస్టారు, ఇస్త్రీ మడత నలగని మనిషి. కొడుకు ఎడ్విన్‌కు పెళ్లి.

"మా అమ్మ శాంతమ్మ ఒకటే పట్టు పట్టింది నూర్ సాబ్. ఆమె పెండ్లికి మీ ఉస్తాదే ఊదినాడంట. మనవని పెండ్లికి బ్యాండు లేకుంటే చర్చికే రానంటాంది. పిల్లోళ్లేమో డీజే కావాలంటాండారు. అందుకని ఇంటి కాడ నుంచి చర్చి దాకా మీరు వాయించండి. జనం ఎగిరితే తిరిగొచ్చేటప్పుడు గూడా మీదే. ఎగరకపోతే చర్చి కాడ డీజే బండి తయారుగా ఉంటాది."

సుందరరాజు వెళ్లగానే రఫీక్ తన పందెం కూడా దాని మీదే పెట్టాడు. "ఆళ్లగడ్డోళ్లు ఎగిరితే నేను నోరు మూసుకొని నీ వెనక డ్రమ్ము కొడతా. ఎగరకపోతే సోమారం కర్నూలు ఆయప్ప బండి తెస్తాడు. నువ్వు నోరు మూసుకొని ట్రంపెట్ ఇయ్యాల."

"సరే" అన్నాడు తండ్రి. అన్నంత తేలిక కాదు. ఆ ట్రంపెట్ ఉస్తాదుది. చనిపోయేముందు ఆయన దాన్ని శిష్యుడి చేతిలో పెట్టి, "మూలన పెట్టబాకరా" అన్నాడు. గోడకు పెట్టొద్దని అనలేదు నిజమే, అప్పటికి ఎవరికీ ఆ ఆలోచన రాలేదు.

ఇక చిక్కంతా పాటది. పాత పాటలకు పిల్లలు ఎగరరు. కొత్త పాటలు బ్యాండుకు వచ్చినవాటికి పదింతలు డీజే వాళ్ల దగ్గర ఉన్నాయి. డీజే దగ్గర లేనిది ఒకటి కావాలి. ఆయన సాయంత్రాలు గడప బయట మెట్టు మీద కూర్చొని, చింతపండుతో ట్రంపెట్ తోముతూ అదే ఆలోచించేవాడు. లోపల మాబున్నీ సీరియల్ చూస్తుండేది. "పదమూడో పటాలం" వచ్చే అరగంట ఆ ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు, నీళ్లు కూడా అడగకూడదు. అది యుద్ధం కథ. తుపాకులు, మంచుకొండలు, ఉత్తరాలు, మధ్యలో బోలెడన్ని కన్నీళ్లు. నూర్ మహమ్మద్ ఒక్క రోజూ టీవీ వైపు చూడలేదు. చూస్తే చెవులు మూసుకుంటాయి కదా. సబా కూడా చూడదు, ఆమె చెవుల్లో ఎప్పుడూ ఇయర్‌ఫోన్లే.

ఒక సాయంత్రం లోపలి నుంచి ఒక సంగీతం వచ్చింది. మొదట వయొలిన్లు, దూరంగా బండ్లు కదిలినట్టు, లోగొంతుతో. వాటి కింద ఒక డోలు, నిద్రపోయేవాడి గుండెలాగా. ఆ తర్వాత అన్నీ తగ్గి, ఒంటరిగా ఒక ట్రంపెట్ మెట్టు మెట్టుగా పైకెక్కింది. ఇక ఎక్కలేదేమో అనుకున్నచోట మళ్లీ ఒక మెట్టు ఎక్కింది. అప్పుడు వందమంది వాయించేవాళ్లు ఒకేసారి లేచి దాన్ని భుజాల మీద మోసినట్టు ఎత్తుకున్నారు. నూర్ మహమ్మద్ చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది.

"ఎవడప్పా వీడు! వాని తల్లి కడుపు సల్లగుండ" అన్నాడు గాలితో.

లోపల మాబున్నీ వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆయనకు వినిపించింది. వినిపించకపోతే తప్పు చెవులది అనేవాళ్లం. పక్కింటి కమలాక్షమ్మ మేక రెండు రోజులుగా మేత ముట్టడం లేదు, మాబున్నీకి ఆ మేకంటే ప్రాణం. పాపం, మేక పోయినట్టుంది అనుకున్నాడు. అడుగుదామంటే సీరియల్ అయిపోలేదు. అయిపోయేదాకా ఆగితే పాట మర్చిపోతాడు. రాగం నోట్లో పట్టుకొని, సైకిలెక్కి, డోలు వాయించే ప్రదీప్ ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున కుందూ గట్టు మీద బర్రెల ముందు సాధన మొదలైంది. టీవీలో ఉన్నది వందమంది, ఇక్కడ ఉన్నది పదిమంది. వయొలిన్ల పని క్లారినెట్లకు ఇచ్చాడు. గుంపుగా అరిచే పని పెద్ద బూరలకు. మిగిలిందంతా ప్రదీప్ పొట్ట మీద ఉండే డోలుకు. ఆ మెట్లెక్కే ట్రంపెట్ తనది. సాయంత్రాలు ఆటోలు, కూలి పనులు, కొట్లు చూసుకునే ఆ పదిమందిలో సీరియల్ చూసే తీరిక ఒక్కరికీ లేదు. అయినా ప్రదీప్‌కు ఎందుకో అనుమానం వచ్చింది.

"అన్నా, ఇది పెండ్లికి రవంత బరువు ఎక్కువయితాంది కదూ?"

"పెండ్లంటేనే బరువురా. నీకింకా కాలేదు, ఏం తెలుసు? ఇది రాజు కోటలో అడుగు పెట్టే పాట. పెండ్లికొడుకు ఆ పూటకు రాజే కదా."

"అట్లయితే సరే. మరి ఎగిరేది యాడ?"

"ముందు రోమాలు నిలబడాల. కాళ్లు వాటి వెనకే లేస్తాయి."

రఫీక్ డ్రమ్ము సరిగ్గానే కొట్టాడు. ఒప్పుకున్నట్టు మాత్రం ముఖం పెట్టలేదు. ఆ పూటే గట్టు దిగి వస్తుంటే కమలాక్షమ్మ మేక గోడ మీదికెగిరి వేపాకు నములుతూ కనిపించింది. "ఈ ఆడోళ్లు బతికిన మేకకు గూడా ఏడుస్తారు" అనుకున్నాడు నూర్ మహమ్మద్. అంతే, ఆ ఏడుపు సంగతి అక్కడితో మర్చిపోయాడు.

పెళ్లికి ముందు రోజు సాయంత్రం, మెట్టు మీద కూర్చొని కోటు గుండీలు కుట్టుకుంటుంటే, లోపలి నుంచి మళ్లీ అదే రాగం వినిపించింది. కానీ ఈసారి పరుగు. డోళ్లు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, వయొలిన్లు ఉరుకుతున్నాయి, ట్రంపెట్ మెట్లు రెండేసి రెండేసి దూకుతోంది. ఆయనకు ఒళ్లు మండింది.

"ఇంత మంచి పాటను ఇట్లా తరుముతాండారేంది? వాయించేటోళ్లకు ఆఖరి బస్సు టైమయినట్టుంది!"

లోపల మాబున్నీ చప్పట్లు కొట్టి నవ్వింది. మేక మేత తింటున్న ఆనందం కాబోలు అనుకున్నాడు.

పెళ్లినాడు పొద్దున్నే ఎర్ర కోట్లన్నీ టెంపోలో ఎక్కి శిరివెళ్ల మీదుగా ఆళ్లగడ్డ చేరాయి. సబా కూడా వెళ్లింది, ఫోన్లో వీడియో తీయడానికి. ఆ కోట్ల భుజాల మీద బంగారు కుచ్చులు, ఛాతీ మీద ఎవరూ ఇవ్వని పతకాలు చూస్తే, పదిమందీ కలిసి ఏదో దేశాన్ని జయించి దారి తప్పి ఇటొచ్చినట్టుంటుంది.

ఎడ్విన్ సూటు వేసుకొని టాపు లేని జీపులో నిలబడ్డాడు. శాంతమ్మ నడవలేదు కాబట్టి ముందు ఒక ఆటోలో కూర్చోబెట్టారు. వెనక ఆడవాళ్లు, వాళ్ల వెనక ఎడ్విన్ స్నేహితులు, ఎగరడానికి చొక్కా చేతులు మడిచి సిద్ధంగా. దారి పొడుగునా రాతి శిల్పాలు చెక్కేవాళ్ల షెడ్లు. సగం చెక్కిన నందులు, ముక్కు ఇంకా రాని దేవుళ్లు, తెల్లటి రాతిపొడిలో మనుషులు. ముందుగా ఒక చర్చి పాట వాయించారు. ఆ తర్వాత నూర్ మహమ్మద్ కొడుకు వైపు ఒక చూపు చూసి, ట్రంపెట్ పెదవులకు ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

క్లారినెట్లు దూరంగా బండ్లలా కదిలాయి. ప్రదీప్ డోలు గుండెలా కొట్టుకుంది. ట్రంపెట్ మొదటి మెట్టు ఎక్కింది.

మూసిన కళ్ల వెనక ఆయనకు మొదట తెలిసింది నిశ్శబ్దం. ఉలుల టకటక ఆగిపోయింది. స్నేహితుల కేకలు ఆగిపోయాయి. ఎగరడం లేదు గానీ ఊపిరి బిగబట్టారు, రోమాలు నిలబడుతున్నాయి, ఇక కాళ్లే తరువాయి అనుకున్నాడు. ఇంకో మెట్టు ఎక్కాడు. ఎక్కడో ఒక ఆడగొంతు "అయ్యో" అంది. ఆయనకు ఉస్తాదు గుర్తొచ్చాడు. ప్రాణమంతా పోసి పై మెట్టు ఎక్కాడు. ఏడుపులు వినిపించాయి. ఆనందబాష్పాలనుకున్నాడు! ఆయన చదునైన చెవికి ఆ రోజు అంతా మంచే వినబడింది. సరిగ్గా అప్పుడు రఫీక్ డ్రమ్ము ఆగింది.

కోపంగా కళ్లు తెరిచాడు.

బజారుకు రెండు వైపులా ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకొని ఏడుస్తున్నారు. ఒక శిల్పి తలగుడ్డ తీసి రొమ్ముకు ఆనించుకొని నిలబడ్డాడు. జీపులో పెళ్లికొడుకు ఏం చేయాలో తెలియక తానూ చేతులు కట్టుకున్నాడు. ఆటోలో శాంతమ్మ తల బాదుకుంటోంది.

"ఈ పాటతోనే కదప్పా నా బిడ్డను పెట్టెలో పెట్టి తెచ్చిరి!"

నూర్ మహమ్మద్ టోపీ తీసి చేత పట్టుకొని ఆటో దగ్గరికి వెళ్లాడు.

"తెలీక తప్పయిపోయిందమ్మా. పోయినోడు నీకేమైతాడు? కొడుకా?"

"కొడుకు కంటే ఎక్కువప్పా. రోజూ సాయంత్రం ఏడింటికి వస్తాండె."

"ఏం పని చేస్తాండె?"

"మిలట్రీ. మంచుకొండ మీద. వానికి ఎన్ని గుండ్లు తగిలినాయో..."

"అయ్యో, యా అల్లా! ఎప్పుడమ్మా?"

"పోయిన వారం."

"పోయిన వారం పోతే ఈ వారం పెండ్లి పెట్టుకున్నారా?" అని ఆయన నోరెళ్లబెట్టాడు. జీపులో నుంచి ఎడ్విన్ అరిచాడు.

"తాతా, అది సీరియల్! వాడు కెప్టెన్ జయదేవ్! టీవీలో!"

నూర్ మహమ్మద్ టోపీ మళ్లీ పెట్టుకోవాలో వద్దో తెలియక అట్లాగే నిలబడ్డాడు. సుందరరాజు ఇస్త్రీ మడతలన్నీ నలిగేటట్టు పరిగెత్తుకొచ్చాడు.

"ఏందిది నూర్ సాబ్? పెండ్లికి పిలిస్తే మట్టి చేసేటప్పుడు వాయించే పాట వాయిస్తారా? పాస్టరు గారు చర్చి కాడ నిలబడుండారు. ఈళ్లను చూస్తే సమాధుల తోటకు పోయేటట్టుండారు!" అని స్నేహితుల వైపు తిరిగాడు. "ఒరే, డీజే ఆయప్పకు ఫోన్ చెయ్యండి. బండిని ఈడికే రమ్మనండి."

కుర్రాళ్లు హుషారుగా ఫోన్లు తీశారు. రఫీక్ మెడలోంచి డ్రమ్ము పట్టీ తీశాడు. గెలిచిన ముఖం కాదు అతనిది. "పోదాం పా నాయనా" అన్నాడు మెల్లగా. "సోమారం" అన్న మాట ఎవరూ అనలేదు, ఇద్దరికీ వినిపించింది.

నూర్ మహమ్మద్ ట్రంపెట్ వైపు చూశాడు. హోటలు గోడ, దాని మీద ఒక మేకు, కింద ఎవరో దోసె తింటూ. పాటకు మాటలుండి ఉంటే ఈ గతి పట్టేది కాదు. పాట బతికినోనిదో సచ్చినోనిదో తెలిసేది...

అక్కడ ఆయన ఆలోచన టక్కున ఆగింది. మరి నిన్న ఎందుకు పరిగెత్తింది?

"అమ్మా" అన్నాడు శాంతమ్మతో, "నిన్న సీరియల్ చూసినావా?"

"యాడ చూస్తాం నాయనా? ఇల్లంతా చుట్టాలు. టీవీ మీద చీరలు ఆరేసినాం."

"ఇంకెవరన్నా చూసినారా?" అని బజారంతా వినిపించేటట్టు అడిగాడు.

"నిన్న గాలివానకు కరెంటు పోయె కదన్నా" అన్నాడు తలగుడ్డ తీసిన శిల్పి.

"సబా, మీ అవ్వకు ఫోన్ చెయ్. బేగా!"

సబా వీడియో ఆపి ఫోన్ కలిపింది. స్పీకరులో మాబున్నీ గొంతు ఖంగున మోగింది. "ఏందీ, అప్పుడే అయిపాయనా? తిన్నారా?"

"తినేది తర్వాత. జయదేవ్ సచ్చినాడా, బతికినాడా?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మనిషి సీరియల్ గురించి ఒక్క మాట అడిగినవాడు కాదు.

"నీకేమన్నా ఎండదెబ్బ తగిలిందా?" అంది మాబున్నీ.

"చెప్పు మే! ఈడ పెండ్లి ఆగిపోయింది!"

"యాడ సచ్చినాడు? నిన్ననే గడ్డం పెంచుకొని కొండ దిగొచ్చినాడు కదా. పెట్టెలో ఉండింది ఆయప్ప కోటు తొడుక్కున్న ఇంకొకడు."

శాంతమ్మ ఆటోలోంచి సగం బయటికి వంగి ఫోన్ లాక్కుంది. "నిజమేనామ్మా? నీ పిల్లల మీద ఒట్టు?"

"ఒట్టక్కా. వాళ్లమ్మ ముఖాన చెయ్యి పెట్టి చూసుకునె. నేనైతే చప్పట్లు కొడ్తి."

"మరి పెట్టెలో ఉండేది ఎవరంట?"

"అది ఇంకా చెప్పలే. ఎర్ర శాలువా కప్పుకొని తిరుగుతాండె కదా ఆ మరిది, వాడేమో అని నాకు అనుమానం."

"నాక్కూడా వాని మీదే ఉండె!"

సుందరరాజు చేతి గడియారం చూపిస్తున్నా ఇద్దరు ముసలమ్మలూ మరిది సంగతి తేల్చేదాకా ఫోన్ వదల్లేదు. ఈలోగా వార్త ఆటో నుంచి ఆడవాళ్లకూ, ఆడవాళ్ల నుంచి అరుగులకూ, అరుగుల నుంచి షెడ్లకూ పాకింది. "బతికినాడంట!" "కొండ దిగినాడంట!" శిల్పి తలగుడ్డ చుట్టుకున్నాడు. ఏడ్చిన కళ్లే నవ్వుతున్నాయి.

నూర్ మహమ్మద్ డోలు వైపు తిరిగాడు. "ప్రదీప్, అదే పాట. తీన్‌మార్‌లో కొట్టు."

"పరిగెత్తించాల్నా?"

"ఆఖరి బస్సు పోతాందనుకో. రఫీ, పట్టీ వేసుకో."

రఫీక్ తండ్రి ముఖం చూశాడు. పట్టీ వేసుకున్నాడు.

ఆ రాగమే, ఆ మెట్లే. కానీ ఈసారి ట్రంపెట్ మెట్లు రెండేసి దూకింది. డోలు కింద నుంచి తన్నింది. రఫీక్ చేతులు కనిపించడం మానేశాయి. మొదట ఎగిరింది స్నేహితులు కాదు, ఏడ్చిన ఆడవాళ్లు. చచ్చిన కొడుకు ఇల్లు చేరినట్టు ఎగిరారు. శాంతమ్మ ఆటోలో కూర్చొనే రెండు చేతులూ తిప్పింది. ఎడ్విన్ జీపులోంచి దూకాడు. సుందరరాజు మాస్టారు గడియారం మర్చిపోయి చేతిరుమాలు గాలిలో తిప్పాడు. ఎదురుగా డీజే బండి వచ్చింది గానీ జనంలో ఇరుక్కుపోయింది. దాని డ్రైవరు కాసేపు హారన్ కొట్టాడు, కాసేపటికి దరువుకు సరిగ్గా కొట్టాడు, ఆ తర్వాత బండి దిగేశాడు.

ఆ పొద్దు నూర్ మహమ్మద్ కళ్లు మూసుకోలేదు. బుగ్గలు ఉబ్బించుకొని, కళ్లు పత్తికాయల్లా తెరుచుకొని, ఎగిరే ఒక్కో మనిషినీ చూస్తూ ఊదాడు. ఉస్తాదు చూసుంటే తిట్టేవాడు. ఏం చేస్తాడు, తిట్టుకుంటూనే కాలు కదిపేవాడు. చర్చి మెట్ల మీద పాస్టరు గారి తెల్ల అంగీ కింద బూటు ఒకటి ఆడుతూ ఉండటం సబా వీడియోలో ఉంది, నమ్మనివాళ్లు అడిగితే చూపిస్తుంది.

తిరుగు ఊరేగింపు కూడా బ్యాండుదే.

సోమవారం కర్నూలు ఆయన ఫోన్ చేశాడు. రఫీక్ వాకిట్లో డ్రమ్ముకు కొత్త చర్మం బిగిస్తున్నాడు. "మీ హోటలు గోడకు వేరే ఏమన్నా చూసుకో అన్నా" అన్నాడు. "మా నాయన గోడ దిగినాడు." అంతకు మించి తండ్రితో ఏమీ అనలేదు. నోరు మూసుకొని డ్రమ్ము కొడతానన్న మాట నిలబెట్టుకున్నాడు. రెండు రోజులు. ఆ ఇంట్లో అదే చాలా ఎక్కువ.

ఆ తర్వాత ఇంట్లో ఒక మార్పు వచ్చింది. "పదమూడో పటాలం" వచ్చే వేళకు నూర్ మహమ్మద్ మెట్టు మీద నుంచి లేచి లోపలికొస్తాడు. మాబున్నీ పక్కన చాప మీద, టీవీకి వీపు పెట్టి కూర్చుంటాడు. ముఖం తిప్పితే ఉస్తాదు ఒప్పుకోడంట. వయొలిన్లు మొదలవగానే, "ఎవరన్నా సచ్చినారా?" అని అడుగుతాడు. "లే, ఉత్తరం వచ్చింది" అంటుంది ఆమె. "మంచిదా, చెడ్డదా?" "ఇంకా విప్పలే, గమ్మునుండు." సీరియల్ నడిచేటప్పుడు ఆ ఇంట్లో మాట్లాడే హక్కున్న మనిషి ఇప్పుడు ఆయన ఒక్కడే.

మొన్న సాయంత్రం సబా ఈ రాసిందంతా పట్టుకొచ్చి, మెట్టు మీద కూర్చొని, మొదటి నుంచి చదివి వినిపించింది. కెప్టెన్‌ను బతికించింది, సరిహద్దు కాపాడింది, కుందూ అవతల జెండా ఎగరకుండా ఆపింది, ఒక్క ముక్క వదలకుండా. నూర్ మహమ్మద్ ట్రంపెట్ తోముతూ, కళ్లు మూసుకొని, చివరిదాకా విన్నాడు.

"ఎట్లుంది తాతా?"

"సచ్చినోని పాట తీసకపోయి పెండ్లిలో ఊదినోన్ని నేను. బతికించినానని రాస్తావేందే, సిగ్గులేదా? ఆ కాగితాలు ఆడ పెట్టి లోపలికి పో. పోయి, పొద్దున టీవీలో వినిన ఆ కొత్త పాటలో ఎవరు సచ్చినారో మీ అవ్వను అడిగిరా. ఆదివారం గడివేములలో పెండ్లుంది."